తెగని పూసల దండ: ఇంట్లోనే గుచ్చుకునే పద్ధతి

తెగిపోయిన పూసల దండని చేతిలోకి తీసుకుని చూడండి. పూసలన్నీ బాగానే ఉంటాయి. పోయింది దారమో, కొక్కెం దగ్గరి ముడో, సరిగా మూసుకోని రింగో అయి ఉంటుంది. అయినా దుకాణానికి వెళ్లినప్పుడు డబ్బంతా పూసల మీదే పెట్టి, దారం, కొక్కేలు చివర్లో ఏవో ఒకటి తెచ్చేసుకుంటాం. గోదావరి డెల్టాలో ఈ పొరపాటు త్వరగా బయటపడుతుంది. అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు గాలిలోనే తేమ. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు కూడా కలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మెడ మీద చెమట ఆరనే ఆరదు. పొడి ఊళ్లో మూడేళ్లు ఉండే దండ ఇక్కడ ఒక పెళ్లిళ్ల సీజను దాటితే గొప్ప. అందుకని ఇక్కడ దారంతోనూ చివరలతోనూ మొదలుపెట్టి, పూసల దగ్గరికి తర్వాత వస్తాం.

దేంతో గుచ్చాలి

లేసు అల్లే నూలు దారం మన ఇళ్లలో ఎప్పుడూ ఉంటుంది. నరసాపురం క్రోషే లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ దారం లేసుకి ఎంత బాగుంటుందో గాజుపూసలకి అంత పనికిరాదు. నూలు చెమటని పీల్చి పట్టుకుంటుంది. తడిసి మెత్తబడిన దారాన్ని బెజ్జం అంచు రోజూ కొద్దికొద్దిగా కోస్తుంది. లేసు అల్లిన చేతికి దారం బిగువు మాత్రం ఇట్టే తెలుస్తుంది. ఆ నేర్పు ఈ పనిలో సగం పెట్టుబడి.

చాలామంది చేసే ఇంకో పొరపాటు గాలం తీగ వాడటం. చేపలు పట్టే ఆ నైలాన్ తీగ ఏ సంతలోనైనా దొరుకుతుంది, కంటికి కనపడదు, సూది కూడా అక్కర్లేదు. కానీ ఎండ తగిలేకొద్దీ పెళుసవుతుంది, బరువుకి సాగి పూసల మధ్య ఖాళీలు వస్తాయి, నున్నగా ఉండటం వల్ల ముడి నిలవదు. పిల్లలు నేర్చుకోవడానికి వాడుకోవచ్చు. నలుగురిలోకి వేసుకెళ్లే దండకి వద్దు.

బరువున్న గాజుపూసలకి, రాతిపూసలకి గేర్ వైరు వాడండి. సన్నటి ఉక్కు పోగుల్ని పేని, పైన నైలాన్ పూత వేసిన తీగ ఇది. కొన్ని దుకాణాల్లో టైగర్ టెయిల్ అని అడగాలి. లోపల పోగులు ఎన్ని ఎక్కువుంటే అంత మెత్తగా వంగుతుంది. 7 పోగులది చవక, కానీ ఒకసారి మడత పడితే ఆ వంకర జన్మలో పోదు. 19 పోగులది ఇంటి పనికి సరిపోతుంది. 49 పోగులది పట్టుదారంలా మెడ మీద ఒదుగుతుంది, ధర కూడా అలాగే ఉంటుంది. 4 నుంచి 8 మిల్లీమీటర్ల పూసలకి 0.38 మి.మీ. మందం చాలు. పెద్ద రాతిపూసలకి 0.45 మి.మీ. తీసుకోండి.

ముత్యాలకి గేర్ వైరు కంటే పట్టుదారం గానీ మెలిపెట్టిన నైలాన్ దారం గానీ మంచిది. మన వాతావరణంలో నైలానే ఎక్కువ కాలం ఆగుతుంది. సాగే దారం చేతి కంకణాలకి మాత్రమే: 4–6 మి.మీ. పూసలకి 0.8 మి.మీ., 8 మి.మీ. దాటితే 1 మి.మీ. అది కూడా వాడే ముందు చేతులతో నాలుగైదుసార్లు గట్టిగా సాగదీయాలి. అలా చేయకపోతే కట్టిన నెలకే వదులై, పూసల మధ్య దారం కనిపిస్తుంది.

పూసలు కొనేటప్పుడు

గాజుపూస చేతికి చల్లగా, బరువుగా తగులుతుంది. ప్లాస్టిక్‌ది క్షణంలో వెచ్చబడుతుంది. మన రాష్ట్రంలోనే శ్రీకాళహస్తి దగ్గర పాపానాయుడుపేటలో గాజుని గొట్టంలా లాగి, ముక్కలు కోసి పూసలు చేసే పాత విద్య ఉంది. ఇప్పుడు మార్కెట్లో మోనాలిసా పూసలు, హైడ్రో పూసలు, జేడ్, షెల్ ముత్యాలు అంటూ రోజుకో పేరు వినిపిస్తుంది. పేరుతో పని లేదు, రెండు పరీక్షలు చాలు.

ఒకటి రంగు. గ్లాసు నీళ్లలో చెంచా ఉప్పు కలిపి, తెల్ల నూలుగుడ్డని తడిపి, దాంట్లో నాలుగు పూసలు మూటకట్టి రాత్రంతా ఉంచండి. ఉప్పునీరంటే చెమట లాంటిదే. తెల్లారి గుడ్డకి రంగు అంటితే ఆ పూసలు వద్దు. అవి మెడని మరక చేస్తాయి, బండారులంక చీర మీది జాకెట్టుని కూడా పాడుచేస్తాయి. చీరకి పట్టిన రంగుని ఏ సబ్బూ వదిలించలేదు.

రెండోది బెజ్జం. మామూలు కుట్టుదారం ఒకటి పూసలోకి ఎక్కించి, రెండు కొసలు పట్టుకుని ఇరవైసార్లు ఇటూ అటూ లాగండి. దారం నూగు లేచినా, తెగినా బెజ్జం అంచు పదునుగా ఉందన్నమాట. లైను (దుకాణంలో దారానికి గుచ్చి అమ్మే పూసల వరస) మొత్తంలో ఒకటీ రెండూ అలా ఉంటే తీసి పక్కన పెట్టేయండి. సగానికి సగం అలాగే ఉంటే లైనే వెనక్కి ఇచ్చేయండి. వజ్రపు పొడి అంటించిన రీమర్ అనే సన్న ఆకురాయితో అంచు అరగదీయొచ్చు గానీ, పూసనీ రీమర్నీ నీళ్లలో ముంచి చేయాలి. పొడిగా చేస్తే గాజు వేడెక్కి పగులుతుంది, గాజుపొడి ముక్కులోకి వెళ్తుంది.

గురివింద గింజల సంగతి ఇక్కడే చెప్పాలి. ఎర్రగా, నల్ల బొట్టుతో ముద్దుగా ఉంటాయని కొందరు వాటికి బెజ్జాలు పెట్టి దండ గుచ్చుతారు. ఆ గింజ పప్పులో అబ్రిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. గట్టి పొట్టు ఉన్నంతసేపూ అది బయటికి రాదు. బెజ్జం పెట్టామంటే పొట్టు పగిలినట్టే. చంటిపిల్లలున్న ఇంట్లో ఆ దండ ఉండనే కూడదు.

లెక్క వేసుకుని కొనండి

అంగుళానికి 25.4 మి.మీ. దాన్ని పూస సైజుతో భాగిస్తే అంగుళానికి ఎన్ని పూసలో వస్తుంది: 4 మి.మీ. అయితే సుమారు 6, 6 మి.మీ. అయితే 4 చిల్లర, 8 మి.మీ. అయితే 3 చిల్లర. మెడ చుట్టూ ఆనుకుని ఉండాలంటే 14–16 అంగుళాలు, మెడ ఎముక కింద వాలాలంటే 18, చీర మీద గుండెల దాకా రావాలంటే 24–26 అంగుళాలు. కొలత పుస్తకంలో చూసి కాకుండా ఒక దారాన్ని వేసుకునేవారి మెడలో వేసి తీసుకోండి.

బరువు కూడా చూసుకోవాలి. 18 అంగుళాల ఒంటిపేట దండ 6 మి.మీ. గాజుపూసలతో దాదాపు 20 గ్రాములు ఉంటుంది. అదే 10 మి.మీ. పూసలైతే 55 గ్రాములు దాటుతుంది. మూడు పేటలు 10 మి.మీ. గాజుతో గుచ్చితే రాత్రి రిసెప్షను అయ్యేసరికి మెడ నొప్పి పుడుతుంది.

ఉదాహరణకి 18 అంగుళాల దండ చేద్దాం. 6 మి.మీ. పూసలు, వాటి మధ్య 2 మి.మీ. బంగారు రంగు గుండ్లు, నడుమ చిన్న లాకెట్. మొత్తం 457 మి.మీ.లో కొక్కెం, రింగులు, చివరి మెలికలు కలిపి 32 మి.మీ. పోతాయి. మిగిలిన 425 మి.మీ. మనది. లాకెట్ కొండీకి 5 మి.మీ. తీసేస్తే ఒక్కో వైపు 210. అంటే ఒక్కో వైపు 26 పూసలు, 27 గుండ్లు. రెండు వైపులకి 52 పూసలు, 54 గుండ్లు. కొనడం మాత్రం 60, 60 కొనండి, ఒకటీ రెండూ విరిగినవీ వంకరవీ తప్పకుండా వస్తాయి. వీటికి తోడు కావలసినవి:

- 0.38 మి.మీ. గేర్ వైరు 60 సెంటీమీటర్లు
- 2 మి.మీ. పొడవు, 2 మి.మీ. వెడల్పు గొట్టం క్రింపులు రెండు, మూతలు రెండు (క్రింపు అంటే తీగని పట్టి ఉంచేలా నొక్కే చిన్న లోహపు గొట్టం, దాన్నే గేర్ లాక్ అని కూడా అంటారు)
- లాబ్‌స్టర్ కొక్కెం (మీట నొక్కితే తెరుచుకునేది) ఒకటి, అతుకు వేసిన (సందు లేని) రింగులు రెండు, 5 మి.మీ. తెరిచే రింగులు రెండు
- క్రింపు ప్లయర్, ముక్కు గుండ్రంగా ఉన్న ప్లయర్ ఒకటి, చదునుగా ఉన్నవి రెండు, కట్టర్

కొక్కేలు, రింగుల దగ్గర పొదుపు చేయకండి. రోల్డ్ గోల్డ్ నగలకి చిలకలపూడికి ఎంత పేరున్నా, ఏ పూతైనా పలచగా ఉంటే చెమటకి పోయేదే. లోపల రాగి, ఇత్తడి బయటపడితే మెడ మీద పచ్చగా చార పడుతుంది. నికెల్ బయటికి వదిలే లోహం కొందరికి దురద పెడుతుంది. చర్మానికి ఆనుకునే భాగాలకి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకుంటే ఉప్పుగాలికీ, చెమటకీ తట్టుకుంటుంది. బంగారు రంగు పూతతో కూడా దొరుకుతుంది.

గుచ్చడం

చేటలో పాత తువ్వాలు పరిచి, దాని మీద పూసలు పోయండి. నున్నటి కంచంలో పోస్తే దొర్లిపోతాయి. తువ్వాలుని మడత పెట్టి గాడిలా చేసి, దాంట్లో పూసలన్నీ వరసగా పేర్చి చూసుకోండి. పూసలు చూడటానికి ఒకే సైజులా ఉంటాయి, పక్కపక్కన పెడితే 5.7 నుంచి 6.3 దాకా తేడా కనిపిస్తుంది. పెద్దవి నడుమకి, చిన్నవి మెడ వెనక్కి జరపండి. దండకి దుకాణపు నాణ్యత వచ్చేది ఇక్కడే. ఈ పది నిమిషాలు విసుగనిపించినా ఎగ్గొట్టకండి.

తీగని ముందే కోయకుండా రీలు నుంచే గుచ్చితే వృథా ఉండదు. తీగ కొసని మొదట కట్టర్‌తో నిటారుగా కోయండి. నలిగిన కొస చిన్న బెజ్జాల్లోకి వెళ్లదు. ఆ కొస నుంచి అన్నీ వరసగా ఎక్కించండి: మొదట ఒక గుండు, తర్వాత పూస, గుండు, పూస, ఇలా 26 పూసలు, 27 గుండ్లు. తర్వాత లాకెట్. మళ్లీ గుండుతో మొదలుపెట్టి రెండో వైపు. లాకెట్‌కి రెండు పక్కలా ఒకే వస్తువు ఉంటేనే అది నిటారుగా వేలాడుతుంది. ఒక వైపు గుండు, ఇంకో వైపు పూస పడితే ఎప్పుడూ పక్కకి తిరిగిపోతుంది.

ఇప్పుడు దండ బతుకంతా ఆధారపడే క్రింపు. తీగ కొసకి క్రింపు ఎక్కించండి, తర్వాత అతుకు వేసిన రింగు, మళ్లీ అదే తీగని క్రింపులోంచి వెనక్కి తెచ్చి, పక్కనున్న నాలుగైదు పూసల్లోంచి కూడా పోనివ్వండి. తోక 3 సెంటీమీటర్లు ఉండాలి. రింగు చుట్టూ తీగ మెలిక 2–3 మి.మీ. వదులుగా ఉంచండి. దాన్ని రింగుకి ఆనేలా బిగిస్తే రింగు కదిలినప్పుడల్లా తీగ ఒకే చోట వంగి వంగి, నైలాన్ పూత చిరిగి, చివరికి లోపలి ఉక్కు పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. దండలు తెగే చోటల్లో ఇదే మొదటిది.

క్రింపు ప్లయర్‌లో రెండు గాడులుంటాయి. పిడి వైపు ఉన్న గాడిలో ఒక పక్క చిన్న పన్ను ఉంటుంది. మొదట ఆ గాడిలో పెట్టి నొక్కాలి. క్రింపు మధ్యలో నొక్కు పడి రెండు గదుల్లా అవుతుంది. నొక్కే ముందు లోపల రెండు తీగలూ పక్కపక్కనే సమంగా ఉన్నాయా, ఒకదాని మీద ఒకటి ఎక్కాయా చూడండి. ఎక్కి ఉంటే ఆ క్రింపు తప్పకుండా జారుతుంది. తర్వాత క్రింపుని పావు చుట్టు తిప్పి, ముక్కు వైపు గాడిలో పెట్టి నొక్కితే రెండు గదులూ ఒకదాని మీదికి ఒకటి ముడుచుకుని చిన్న గుండ్రటి గొట్టం అవుతుంది. రింగు పట్టుకుని గట్టిగా లాగండి. కాస్త కదిలినా కోసేసి కొత్తది వేయండి, రెండోసారి నొక్కితే పట్టు రాదు.

క్రింపు ప్లయర్ లేనివాళ్లు మామూలు పట్టకారుతో బల్లపరుపుగా నొక్కేస్తారు. అది పట్టుకుంటుంది, కాకపోతే మరీ గట్టిగా నొక్కితే క్రింపు అంచే లోపలి తీగని కోస్తుంది, బయటి అంచులు మెడని గీస్తాయి. ఒక్కసారి, మెత్తగా నొక్కి, పైన మూత తప్పకుండా వేయండి. మూత అంటే సగం తెరిచిన చిన్న గుండు. క్రింపుని దాంట్లో కూర్చోబెట్టి మెల్లగా మూసేస్తే అది కూడా దండలో ఒక గుండులాగే కనిపిస్తుంది.

ఒక చివర అయ్యాక రెండో చివర నొక్కే ముందు దండని మెడ ఆకారంలో గుండ్రంగా వంచండి. పొడుగ్గా పరిచినప్పుడు బిగువుగా ఉన్నది వంచితే ఇంకా బిగుస్తుంది. పూసలు ఒకదాన్నొకటి నెట్టుకుని దండ కోణాలు కోణాలుగా నిలబడుతుంది, బెజ్జం అంచులు తీగని నొక్కుతాయి. వంచినప్పుడు 1–2 మి.మీ. వదులు మిగలాలి. 3 దాటితే తీగ కనిపిస్తుంది. ఈ వదులు సరిచూసుకున్నాకే రీలు దగ్గర 8–10 సెంటీమీటర్లు ఎక్కువ వదిలి తీగ కోసి, రెండో క్రింపు నొక్కండి. తోకలు పూసల్లో దాచి, మిగిలింది రెండు పూసల మధ్య కట్టర్‌ని ఆనించి కోయండి.

కోసిన చోట తీగ ముల్లు మిగిలిందేమో వేలితో తడిమితే సరిపోదు. పాత పట్టుచీర కొంగో, పాత వాయిలు చీరో దాని మీద మెల్లగా రుద్దండి. ఎక్కడ పట్టుకుంటుందో అక్కడ ముల్లు ఉంది. ఉప్పాడ జాందానీ లాంటి చీరలో ఒక పోగు లేచిందంటే ఆ నష్టం దండ ఖరీదు కన్నా ఎక్కువ.

చివరగా దండని మేకుకి తగిలించి, అర లీటరు నీళ్ల సీసా దానికి వేలాడదీసి రాత్రంతా వదిలేయండి. మరునాడు పొడవు మారకపోతే, క్రింపులు జరగకపోతే ధైర్యంగా వేసుకోవచ్చు.

తెరిచే రింగులు

కొక్కేన్ని దండ చివరి అతుకు రింగుకి కలిపేది వీటితోనే. రింగుని రెండు ప్లయర్లతో పట్టుకుని ఒక కొసని ముందుకి, ఒకదాన్ని వెనక్కి తిప్పాలి. తలుపు తీసినట్టు. పక్కలకి లాగి వెడల్పు చేస్తే గుండ్రం పోతుంది, మళ్లీ ఎంత నొక్కినా మూసుకోదు. మూసేటప్పుడు కొసలు ఒకదాన్నొకటి కాస్త దాటేలా తెచ్చి వెనక్కి తేవాలి. చిన్నగా టిక్కుమని కలుస్తాయి. గోరు పెట్టి గీస్తే సందు తగలకూడదు. 0.8 మి.మీ. కంటే పలచని తీగతో చేసిన రింగుని కొక్కెం దగ్గర వాడొద్దు. దండ చివర తీగ మెలిక పట్టే రింగు ఎప్పుడూ అతుకు వేసినదే ఉండాలి, ఎందుకంటే తెరిచే రింగు సందులోంచి 0.38 మి.మీ. తీగ సులువుగా జారిపోతుంది.

జిగురు గురించి

తెల్ల జిగురు నీళ్లకి కరుగుతుంది, చెమటకీ కరుగుతుంది. క్షణంలో అంటుకునే ఫెవిక్విక్ లాంటివి ఆరాక గాజులా పెళుసవుతాయి. పైగా గాలిలో తేమ ఎక్కువున్న రోజు వాడితే దాని ఆవిరి పూసల మీద తెల్లటి మసకలా పేరుకుంటుంది. మన దగ్గర జూలై, ఆగస్టుల్లో ఇది తప్పనిసరి. ముడి మీద చుక్క వేయాలంటే బీ-7000 లాంటి నగల జిగురు, సూదిమొనతో, పూస బెజ్జంలోపలికి మాత్రమే. 24 గంటలు కదపకూడదు.

చెవులకి జత

తలపిన్ను (ఒక కొసన చిన్న తల ఉన్న తీగ) 50 మి.మీ. పొడవు, 0.7 మి.మీ. మందంది తీసుకోండి. కింద గుండు, పూస, గుండు ఎక్కించి, పై గుండు మీద 2–3 మి.మీ. వదిలి పిన్నుని లంబంగా వంచండి. ఆ 2–3 మి.మీ. మెడలోనే తర్వాత చుట్లు పడతాయి. గుండ్రటి ముక్కు ప్లయర్ మీద తీగని తిప్పి మెలిక చేసి, చెవి కొక్కెం అందులో ఎక్కించి, మిగిలిన తోకని మెడ చుట్టూ రెండున్నర చుట్లు దగ్గరదగ్గరగా చుట్టి, కొస కోసి, చదును ప్లయర్‌తో లోపలికి నొక్కేయండి. చుట్టని ఒట్టి మెలిక తేలిక బరువుకి సరే గానీ, జుట్టు పట్టుకుని లాగితే తెరుచుకుంటుంది.

జత కుదరకపోవడానికి కారణం ఎప్పుడూ ఒకటే: ఒక కమ్మ పూర్తిగా చేసి, రెండోది మొదలుపెట్టడం. రెండూ కలిపి ఒక్కో మెట్టూ చేయండి. ప్లయర్ ముక్కు మీద మెలిక ఎక్కడ తిప్పారో మార్కర్‌తో గీత పెట్టుకోండి, రెండో మెలిక కూడా ఆ గీత మీదే తిప్పండి. ఒక్కో చెవికి 8–10 గ్రాములు మించకుండా చూసుకుంటే తమ్మె సాగదు. అంతకంటే బరువైన బుట్టలు కావాలంటే మాటీలు పెట్టాలి.

ముత్యాలు: పూసకో ముడి

ముత్యం మెత్తనిది. పక్క ముత్యంతో రాసుకుంటే బెజ్జం దగ్గర పై పొర లేస్తుంది. అందుకే పూసకీ పూసకీ మధ్య ముడి. తెగినా ఒక్కటే రాలుతుంది, మిగతావి చేతిలో ఉంటాయి. 18 అంగుళాల దండకి 6 మి.మీ. ముత్యాలు 60 చాలు, ఎందుకంటే ఒక్కో ముడి సుమారు 1 మి.మీ. తింటుంది. దారం రెండు పోగులుగా వాడతాం కాబట్టి 2 మీటర్లు కోసుకోండి. మందం ఎంతంటే, రెండు పోగులూ బెజ్జంలో సరిగ్గా పట్టాలి. సన్నమైతే ముడి బెజ్జంలోకి దూరిపోతుంది. పట్టుదారమైతే ముందురోజు రాత్రి బరువు కట్టి వేలాడదీయండి, సాగేదంతా అప్పుడే సాగుతుంది.

ముత్యం ఎక్కించాక వదులు జారుముడి వేసి, దాంట్లోకి లావుపాటి సూది దూర్చండి. సూదితో ముడిని ముత్యం దాకా తోసుకెళ్లి, దారం లాగుతూ సూదిని చివరి క్షణంలో తీసేయాలి. సూది ముందే తీస్తే ముడి మధ్యలో ఆగిపోతుంది, దాన్ని విప్పడం చాలా కష్టం. మొదటి పది ముళ్లు ఎవరికీ కుదరవు. చవక ప్లాస్టిక్ ముత్యాల మీద ఒక దండ వేసి చేయి కుదిరాక అసలువి ముట్టుకోండి. నైలాన్ దారం కొసని నిప్పుతో కాస్త కరిగించి ఆపొచ్చు. పట్టుదారానికి అది కుదరదు, చివరి మూడు ముత్యాల్లోంచి వెనక్కి తెచ్చి ముడి వేసి, సూదిమొనతో జిగురు.

నల్లపూసలు

నల్లపూసలు తెగితే ఇంట్లో పెద్దవాళ్లు తెగాయనరు, పెరిగాయంటారు. ఆ మాట నోట రానివ్వకూడదనుకునే వస్తువుకి ఒంటి దారం మీద నమ్మకం పెట్టకూడదు. 2.5–3 మి.మీ. నల్లపూసలకి 0.4 మి.మీ. తీగ తీసుకుని, ఒక్కో పూసకి రెండు వైపులా, కమ్మకి చేసినట్టే, చుట్టు మెలిక వేస్తూ గొలుసులా కలుపుకుంటూ వెళ్లడం ఎక్కువ పని, కానీ అది ఏళ్ల తరబడి ఉంటుంది. ఒక మెలిక పోయినా ఆ ఒక్కటే మార్చుకుంటే సరి. అంత ఓపిక లేకపోతే నాలుగు పూసలకో గొలుసు ముక్క చొప్పున చేసుకోవచ్చు. రోజూ స్నానంలో కూడా ఉంటుంది కాబట్టి తీగ పూత లేనిదై ఉండాలి: స్టీలు, వెండి, లేదా బంగారం. పూత వేసిన రాగి తీగ పసుపూ సబ్బూ తగిలి నెలల్లో నల్లబడుతుంది.

కొబ్బరిచిప్ప లాకెట్

డెల్టాలో ఉండి లాకెట్ కొనాల్సిన పని లేదు. బాగా ముదిరి ఎండిన చిప్ప తీసుకుని పీచు గీకేయండి. మొదట బెజ్జం, తర్వాతే ఆకారం. ఆకారం కోశాక బెజ్జం పెడితే సన్న ముక్క చీలుతుంది. కింద చెక్క పెట్టి, 1.5 మి.మీ. డ్రిల్ ముక్కతో, అంచుకి కనీసం 3 మి.మీ. లోపలికి బెజ్జం పెట్టండి. సన్నపళ్ల రంపం బ్లేడుతో ఆకారం కోసి, గరుకు కాగితం 120, 220, 400, 600 వరసగా పట్టండి. ఒక నంబరు దాటేస్తే దాని గీతలు చివరి దాకా కనిపిస్తాయి. 400 నుంచి నీళ్లు తడిపి రుద్దితే దుమ్ము లేవదు, అంతకు ముందు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. గరుకు కాగితాన్ని సన్నగా చుట్టి బెజ్జం అంచులు కూడా నున్నన చేయండి. ఆరాక రెండు చుక్కల కొబ్బరినూనె, నూలుగుడ్డ, పావుగంట రుద్దుడు. రాత్రంతా ఉంచి మిగిలిన నూనె తుడిచేస్తే నల్లటి మెరుపు వస్తుంది. వార్నిష్ వేయకండి, చెమటకి పొరలుగా లేస్తుంది. మెరుపు తగ్గినప్పుడు మళ్లీ ఒక చుక్క నూనె చాలు.

వాడకం

అత్తరు, పౌడరు, హెయిర్ స్ప్రే అయ్యాకే దండ. తీసిన వెంటనే పొడి నూలుగుడ్డతో తుడవాలి, ముఖ్యంగా కొక్కెం. అంతర్వేది వెళ్లి సముద్రస్నానం చేసేటప్పుడు పూత నగలు, ముత్యాలు ముందే తీసి సంచిలో పెట్టండి. దాచేటప్పుడు ఒక్కో దండకీ ఒక్కో జిప్ కవరు, లోపల సిలికా జెల్ పొట్లం. ముత్యాలకి మాత్రం కవరు వద్దు, మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టండి. వాటికి కొద్దిగా గాలి కావాలి. సాగే దారం కంకణాలని మేకుకి వేలాడదీయొద్దు.

ఏడాదికోసారి, శ్రావణానికి ముందు, అన్నీ బయటికి తీసి చూసుకోండి. ముడులున్న దండలో ముత్యానికీ ముడికీ మధ్య దారం కనిపిస్తుంటే, ముడుల దగ్గర నల్లబడి ఉంటే, రోజూ వేసుకునేదైతే ఏడాదీ రెండేళ్లకి, మళ్లీ గుచ్చాల్సిందే. గేర్ వైరు దండలో మూతని మెల్లగా తెరిచి క్రింపు పక్కన చూడండి. నైలాన్ పూత తెల్లబడి గీరుకుపోయినా, ఒక్క ఉక్కు పోగు పైకి లేచినా, పూసలన్నీ తువ్వాలు గాడిలోకి అదే వరసలో జారవిడిచి, కొత్త తీగ ఎక్కించండి. పాత క్రింపులు, తీగ పారేయండి. కొక్కెం, అతుకు రింగులు బాగుంటే మళ్లీ వాడుకోవచ్చు.